ఎడమ కొక్కేనికి ఎర్ర అట్ట

ఇంగ్లీషు అక్షరాలంటే నాకు ఇప్పటికీ భయమే. ఇరవై ఆరు అక్షరాలకు మీసాలున్న మగాడు భయపడటమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. వాళ్ళెవరూ ఆ స్విచ్ గదిలో నా కుర్చీలో కూర్చోలేదు.

మాది జాలరిపేట. ఐదో తరగతి వరకు చదివాను, అదీ తెలుగులో. మా బళ్ళో ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలయ్యేది. సరిగ్గా దానికి ముందే బడి మానేసి నాన్నతో పడవెక్కాను. తెలుగు మాత్రం గడగడా చదివేవాణ్ణి. బజ్జీలు చుట్టిచ్చిన కాగితం కూడా అటూ ఇటూ తిప్పి చదివాకే పారేసేవాణ్ణి.

సముద్రం మీద చదువు వేరు. ఒడ్డుకు బాగా దూరం వెళ్ళాక నీళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. వల ఎక్కడ వెయ్యాలో తెలియాలంటే వెనక్కి తిరిగి ఒడ్డు చూడాలి. లైట్‌హౌస్ వచ్చి కొండ కొమ్ము మీద నిలబడితే ఒక చోటు. అదే లైట్‌హౌస్ కొండకు ఎడంగా బెత్తెడు జరిగితే ఇంకో చోటు, అక్కడ అడుగున రాళ్ళుంటాయి, వల పీలికలైపోతుంది. వీటిని మేం గురుతులంటాం. ఏది ఏమిటో తెలియాలంటే అది ఎక్కడుందో చూడు, అని నాన్న నేర్పాడు. సముద్రం మీద అది ఒక్కసారి కూడా తప్పలేదు. నేల మీదకొచ్చాక అదే నా కొంప ముంచబోయింది.

తొంభైల్లో వరసగా రెండేళ్ళు మా పడవకు చేపలు సరిగా పడలేదు. మా అక్క మొగుడు, అంటే మా బావ, అప్పటికే గాజువాక అవతల ఒక కర్మాగారంలో పనిచేసేవాడు. దాని పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. అక్కడ బొగ్గును గుట్టల దగ్గర నుంచి కొలిమి దాకా మోసుకుపోయే పొడవాటి రబ్బరు బెల్టు ఉండేది. దాని కింద రాలిన బొగ్గును పారలతో ఎత్తిపోసే ముఠాకు బావ మేస్త్రి. ఆ బెల్టు స్విచ్ దగ్గరికి ఒక మనిషి కావాలని తెలిసి నన్ను తీసుకెళ్ళాడు.

"ఇంగ్లీసు సదవడం వొచ్చా అని అడుగుతారు బావా. వొచ్చని సెప్పీ," అన్నాడు బస్సులో.

"నాకు రాదు కదేటి?"

"అక్కడ సదవడానికేటుంది? రెండే రెండు అట్టలు. ఎడమ కొక్కేనికి ఎర్రట్ట ఉందనుకో, మెన్ వర్కింగ్, డు నాట్ స్టార్ట్. కుడి కొక్కేనికి పచ్చట్ట ఉందనుకో, రెడీ టు స్టార్ట్. ఎర్రదుంటే ముట్టుకోకు, పచ్చదుంటే నొక్కీ. అంతే."

గాజువాక చేరేలోపు ఆ రెండు ముక్కలూ నా చేత పాతికసార్లు చెప్పించాడు. సూపర్‌వైజరు ఎర్ర అట్ట చూపించి ఏం రాసుందని అడిగాడు. నేను అట్ట వైపు ఒక్కసారి చూసి, ఆయన మొహంలోకి చూస్తూ, "మెన్ వర్కింగ్, డు నాట్ స్టార్ట్" అన్నాను. అర్థం చెప్పమన్నాడు. లోపల మనుషులు పనిలో ఉన్నారు, నొక్కకూడదు అన్నాను. ఆయన తలూపాడు. బయటికొచ్చాక బావ సంతోషంతో నా వీపు మీద చరిచాడు. నాకు మాత్రం భయం అక్కడే మొదలైంది.

ఎందుకో చెప్పాలంటే ఆ బెల్టు సంగతి చెప్పాలి. అది ఒక పొడవాటి రేకుల సొరంగంలో నడిచేది. స్విచ్ గదిలో కూర్చుంటే లోపల ఎవరున్నారో కనిపించదు, వాళ్ళు కేకేసినా వినిపించదు. లోపలికి వెళ్ళేముందు మేస్త్రి నా గదికొచ్చి ఎర్ర అట్ట తగిలిస్తాడు. పనయ్యాక తన మనుషులందరూ బయటపడ్డారని చూసుకుని, తానే వచ్చి ఎర్రది తీసి పచ్చది పెడతాడు. ఎవరు తగిలించిన అట్ట వాళ్ళే తియ్యాలి, ఇంకొకరు ముట్టుకుంటే ఉద్యోగం పోయినట్టే. తర్వాత కంట్రోల్ గది నుంచి ఫోనొస్తుంది. నేను అట్ట చూసి, సరే అని చెప్పి, బటన్ నొక్కుతాను. పదిహేను లెక్కపెట్టేంత సేపు హూటర్ మోగుతుంది. అప్పుడు బెల్టు కదులుతుంది. పెద్ద మరమ్మతులప్పుడైతే కరెంటే తీసేసేవారు. రోజువారీ శుభ్రానికి ఆ అట్టే దిక్కు.

అంటే లోపలున్న మా బావ ప్రాణానికీ నా వేలికీ మధ్య ఉన్నదల్లా నేను చదవలేని ఒక అట్టముక్క.

రంగు తెలుస్తోంది కదా, ఇంకేం భయం అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. భయం వినలేదు. ఫోన్ మోగినప్పుడల్లా చొక్కా వీపుకి అంటుకుపోయేది. పచ్చ అట్ట కళ్ళెదుట వేలాడుతున్నా లేచి వెళ్ళి దాన్ని చేత్తో తడిమి వచ్చేవాణ్ణి. ఆదివారాలు అక్క ఇంట్లో భోజనానికి కూర్చుంటే, అక్క బావకు పులుసు వడ్డిస్తుంటే, నా చూపు నా కుడి చేతి చూపుడువేలి మీదకే పోయేది.

ఒకసారి ఉండబట్టలేక బావనే అడిగాను, ఆ అట్ట మీద కింద ఒక్క తెలుగు ముక్క రాస్తే వీళ్ళ సొమ్మేం పోద్ది అని. లోపలికెళ్ళేవాళ్ళంతా తెలుగువాళ్ళు. నొక్కేవాడు తెలుగువాడు. నలిగిపోతే ఏడ్చేదీ తెలుగు ఆడాళ్ళే. అట్ట మాత్రం ఇంగ్లీషులో ఎందుకు?

"పైనున్న ఆఫీసర్లకి తెలుగు రాదు బావా. ఆలకి అరదం అవ్వాల కదా," అన్నాడు.

ఆ ఆఫీసర్లు ఎప్పుడైనా సొరంగంలోకి వెళ్ళారా అంటే, ఒక్కరూ వెళ్ళలేదు. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేస్తాను, నేర్చుకోవాలనుకున్నాను.

గాజువాకలో ఒక సైకిల్ షాపు మేడ మీద ఇంగ్లీషు నేర్పబడును అని బోర్డు ఉండేది. బోర్డు తెలుగులో ఉండబట్టి నాకు తెలిసింది. కృష్ణా జిల్లాలో పంతులుగా చేసి, ఇక్కడ కూతురింట్లో ఉంటున్న పెద్దాయన నేర్పేవారు. నాది మధ్యాహ్నం రెండింటి షిఫ్టు కాబట్టి పొద్దున పదింటికి వెళ్ళేవాణ్ణి. మిగతావాళ్ళంతా డిగ్రీలు చేసి ఇంటర్వ్యూల కోసం వచ్చినవాళ్ళు. ఏబీసీడీల బల్ల మీద నేనొక్కణ్ణే. నా మోకాళ్ళు బల్ల కింద పట్టేవి కావు.

ఎమ్ పక్కన మామిడిపండు బొమ్మ. ఆర్ పక్కన ఎలుక. ఒక్కో అక్షరానికి రెండు మొహాలు, పెద్దబడి ఒకటి, చిన్నబడి ఒకటి. పుస్తకంలో పాఠాలన్నీ చిన్నబడి, మా అట్టల మీద అన్నీ పెద్దబడి. ఒక మొహం గుర్తుపట్టేలోపు రెండోది మర్చిపోయేవాణ్ణి. దిస్ ఈజ్ ఎ బుక్, దటీజ్ ఎ పెన్ అని వారం రోజులు చదివించారు. నా స్విచ్ గదిలో పుస్తకమూ లేదు, పెన్నూ లేదు. తర్వాత పిల్లి చాప మీద కూర్చుంది. కూర్చుంటే కూర్చోనీ, నాకేం నష్టం?

"మాస్టారండి, ఆపు అనడానికి, నొక్కకు అనడానికి ఏటంటారండి ఇంగ్లీసులో?" అని అడిగాను.

"అవన్నీ ఇరవయ్యో పాఠంలో వస్తాయి బాబూ. నువ్వింకా నాలుగులో ఉన్నావు. తొందరెందుకు?"

తొందరెందుకో చెప్పలేకపోయాను. ఆయన అల్లుడు మా వైపు కర్మాగారాల్లోనే పనిచేసేవాడు. నేను నోరు జారితే అది తిరిగి తిరిగి సూపర్‌వైజరు చెవిన పడుతుందని భయం. పోనీ అట్ట తెచ్చి చూపిద్దామంటే దాన్ని గేటు దాటించకూడదు. చూసి కాగితం మీద గీసుకుందామని ప్రయత్నించాను. అక్షరాలు గీసే చెయ్యి కాదు నాది, అవి రొయ్యల్లా వచ్చాయి.

ఆరో పాఠంలో ఒకటి, అనేకం చెప్పారు. మాట చివర ఎస్ తగిలిస్తే అనేకం అవుతుందట. మనిషికి మాత్రం అలా కుదరదట, ఒకడైతే మ్యాన్, పదిమందైతే మెన్, మధ్యలో అక్షరం మారిపోతుందట. మరి మనుషులకే ఎందుకండీ ఈ ఇబ్బంది అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. ఎమ్ ఈ ఎన్ అని పలక మీద యాభైసార్లు రాయించారు. అదే మాట మా అట్ట మీద ఉందని నాకు తట్టనే లేదు. అట్ట మీద మాట నాకు నోటికొచ్చు, పలక మీద మాట చేతికొచ్చు. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు.

వానాకాలం ముందు కొత్త అట్టలొచ్చాయి. బొగ్గు పొడికి ఎరుపూ పచ్చా రెండూ ఒకే రంగులోకి దిగిపోతున్నాయని, ఈసారి తెల్ల రేకు మీద నల్లగా పెద్ద అక్షరాలు కొట్టించారు. చదవడం వచ్చినవాళ్ళకు అది మంచి ఏర్పాటే. ఆ తెల్ల రేకులు రెండూ పక్కపక్కన బల్ల మీద చూడగానే నాకు కాళ్ళ కింద పడవ ఒరిగినట్టయింది.

బావ నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "రంగు పోతే పోనీ. కొక్కేలున్నాయి కదేటి. ఎడమదుంటే ఆగు, కుడిదుంటే నొక్కు. మనకి గురుతు సాలదా?"

చాలుననుకున్నాను. జాలరి కొడుకుని కదా. ఏది ఏమిటో తెలియాలంటే అది ఎక్కడుందో చూడాలి. కొక్కేల సంగతి ఏ నిబంధనల కాగితంలోనూ లేదని, అది బావ ముఠాకున్న అలవాటు మాత్రమేనని నాకు తెలియదు. బావకూ తెలియదు.

ఆ రోజు రెండింటికి నేను వెళ్ళేసరికి ముందు షిఫ్టు మనిషి బస్సు పోతుందని అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నేను చొక్కా మార్చుకుంటుండగానే ఫోన్ మోగింది.

"బెల్టు స్టార్ట్ చెయ్యాలి. క్లియరేనా?"

గోడ వైపు చూశాను. ఎడమ వైపు ఏమీ లేదు. కుడి కొక్కేనికి తెల్ల రేకు.

"క్లియరేనండి."

"అట్ట చూశావా?"

"సూసినానండి. రెడీ టు స్టార్ట్."

నొక్కాను. హూటర్ మొదలైంది. రోజూ ఆ మోత భరించలేక కిటికీ వైపు తిరిగేవాణ్ణి. ఆ రోజు ఎందుకో గోడ వైపే ఉండిపోయాను. కింద నేల మీద తుప్పు రాలి ఉంది. ఆ తుప్పులో ఎడమ కొక్కెం పడి ఉంది. ఉప్పుగాలికి అరిగి అరిగి, ఆ పొద్దునే ఎప్పుడో ఊడిపోయింది.

రేకు వైపు చూశాను. రెడీ అయితే మొదటి అక్షరం దగ్గర ఎలుక ఉండాలి. మామిడిపండు ఉంది. ఎమ్. పక్కన ఈ. దాని పక్కన ఎన్. నా పెదాలు వాటంతటవే కదిలాయి. మెన్. పదిమంది. మనుషులు.

నా జీవితంలో నేను చదివిన మొదటి ఇంగ్లీషు మాట అది. ఆపే బటన్ నా చేతికి జానెడు దూరంలో ఉంది. నేను దాన్ని నొక్కానని రాయాలని ఎంతో ఉంది. నొక్కలేదు. చెయ్యి లేవలేదు. హూటర్ ఆగిపోయింది. గోడ సన్నగా అదిరింది. బెల్టు కదిలింది.

మూడు లెక్కపెట్టేంత సేపు నడిచి, ఉన్నట్టుండి ఆగిపోయింది. బెల్టు పక్కన సొరంగం పొడుగునా ఒక తాడు ఉంటుంది, దాన్ని లాగితే ఆగుతుంది. ఎవరో లాగారు. ఎవరు లాగారో, ఎవరు లాగలేకపోయారో నాకు తెలియదు. కాళ్ళు ఈడ్చుకుంటూ సొరంగం మూతి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. లోపలికి వెళ్ళినవాళ్ళు ఐదుగురు. ఒకడు వచ్చాడు. రెండోవాడు వచ్చాడు. మూడు. నాలుగు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. అక్క మొహం కళ్ళముందు కదిలింది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను.

బావ చివర్న వచ్చాడు. తన వాళ్ళందరూ బయటికొచ్చాకే మేస్త్రి రావాలి, అందుకని ఆలస్యం. మొహమంతా బొగ్గు. రోజూ మెడకు చుట్టుకునే తువ్వాలు లేదు. ఉక్కగా ఉందని ఆ పూటే తీసి బెల్టు మీద పెట్టాడట. బెల్టు దాన్ని రోలర్ల మధ్యకు లాక్కుపోయింది. ఆ ఖాళీ మెడ చూసి అక్కడే కూలబడ్డాను.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"తప్పు నాదేనండి. ఎడమ కొక్కెం ఊడిపోనాది. ఈడొచ్చేలోపు పనైపోద్దని కుడి దానికి తగిలించీసినాను. ఈడు తికమక పడిపోనాడు."

"కొక్కెం ఏదైతే ఏంటయ్యా?" అన్నాడు సూపర్‌వైజరు. "కొక్కేనికీ దానికీ ఏం సంబంధం? రేకు మీద ఇంత లావు అక్షరాలతో రాసుంది కదా!" నా వైపు తిరిగాడు. "చదవలేదా?"

బావ నా వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను ఆ మెడ వైపే చూస్తున్నాను.

"నాకు ఇంగ్లీసు రాదండి. మొదట్నుంచీ రాదు," అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనే మరి. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి విషయం అక్కడితో ఆపేశారు. స్విచ్ దగ్గర అప్పటికప్పుడే వేరే మనిషిని కూర్చోబెట్టి, మర్నాటి నుంచి నన్ను బావ ముఠాలో పార పట్టడానికి వేశారు.

ఆ సాయంత్రం బావా నేనూ షేర్ ఆటోలో ఇంటికొచ్చాం. దిగేముందు బావ, "మీ అక్కకి సెప్పకు," అన్నాడు. మళ్ళీ తనే, "నీ తప్పేటుంది. ఆ కొక్కేల సదువు నేర్పినోణ్ణి నానే కదా," అన్నాడు. అక్క తలుపు తీస్తూనే తువ్వాలు ఏదని అడిగింది. ఎక్కడో పడిపోనాదన్నాడు.

మర్నాడు పనిలోకి వెళ్ళేముందు మాస్టారికి అంతా చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పుస్తకం అందుకున్నారు. ఆరో పాఠం దగ్గరున్న నాకు ఆ రోజే ఇరవయ్యో పాఠం తీశారు.

తర్వాత చాలా ఏళ్ళు ఆ ముఠాలోనే చేశాను. ఇప్పుడు భయం రెండోవైపు నుంచి. నేను లోపల, బటన్ దగ్గర ఇంకెవరో. బావ రేకు తగిలించడానికి వెళ్ళినప్పుడల్లా నేనూ వెంట వెళ్ళి, ముందు దాన్ని స్విచ్ మనిషి చేతిలో పెట్టి "సదువు" అనేవాణ్ణి. చదివాకే లోపలికి. వాడు ఎంత తెలిసినవాడైనా సరే, రోజూ. నన్ను పిచ్చోడన్నారు, పంతులన్నారు. ఏమన్నా నేను మానలేదు.

రెండు వేలు దాటిన కొన్నాళ్ళకు స్విచ్ గదికి కొత్త మనిషి వచ్చాడు. గోదావరి వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, తల నెరిసింది. చాలా మర్యాదస్తుడు. మొదటిరోజు రేకు చేతిలో పెడితే, "మెన్ వర్కింగ్, డు నాట్ స్టార్టండి" అని తడుముకోకుండా చెప్పాడు. నా మొహంలోకి చూస్తూ చెప్పాడు. ఆ చదవడం నాకు తెలుసు.

రెండోరోజు రేకు తలకిందులుగా ఆయన చేతిలో పెట్టాను.

"సదవండి."

"మెన్ వర్కింగ్, డు నాట్ స్టార్టండి," అన్నాడు.

రేకు తిప్పనైనా లేదు. బావ నా భుజం మీద నుంచి రేకు వైపు చూసి, మెడ తడుముకున్నాడు. మా ఇద్దరి మొహాలు చూశాక ఆయనకు అర్థమైంది. రేకు నేల మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"ఎవరికీ చెప్పకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు.

చెంప పగలగొట్టాలన్నంత కోపమొచ్చింది. ఎవరి చెంపో తెలియలేదు. బావ బయటికెళ్ళి ముఠాతో, ఇంకా ఎవరూ లోపలికి పోవద్దని చెప్పాడు. నేను అందుకే జేబులో వేసుకొచ్చిన సుద్దముక్క తీసి నేల మీద కూర్చున్నాను. ఆయన్నీ కూర్చోమన్నాను. పెద్దబడి ఎమ్ వేసి, పక్కన నాకొచ్చినట్టు మామిడిపండు గీశాను.

సగంలో ఫోన్ మోగింది. ఆయన హడలిపోయి లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టి నేనే వెళ్ళి ఎత్తాను. శుభ్రం పూర్తయిందా, బెల్టు స్టార్ట్ చెయ్యొచ్చా అని కంట్రోల్ గది వాళ్ళు అడుగుతున్నారు. గోడ మీద కొక్కేల వైపు చూడలేదు. నేల మీది రేకు వైపు చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

"మెన్ వర్కింగ్. డు నాట్ స్టార్ట్."

అవతల వాళ్ళు సరేనని ఫోన్ పెట్టేశారు. నేను తిరిగొచ్చి సుద్దముక్క ఆయన చేతికిచ్చాను.